గోడ రుచి

మా పడకగదిలో, ఆమె పడుకునే వైపు
గోడ మీద అరచేయంత తడి.
సముద్రపు ఉప్పు పీలుస్తోందనుకున్నాను.
ముప్పై ఏళ్లుగా గోజో గనుల్లో రాయి కోస్తున్నవాణ్ణి,
ఉప్పు తిన్న రాయి పొరలు పొరలుగా రాలుతుందని తెలుసు.
ఇది రాలలేదు.
నునుపు తేలింది,
దూడ నాకిన తొట్టిలా.

ఫిలుమెనా నూట ముప్పై ఏడు కిలోలున్నప్పుడు
సన్నాత్ ఊరంతా ఆమె మోకాళ్ల గురించి మాట్లాడింది.
ఆపరేషనయ్యి డెబ్బై తొమ్మిదికి దిగాక
అదే ఊరు ఆమె నడుము గురించి మాట్లాడింది.
మార్గరీతమ్మ పండగనాడు
బ్యాండువాళ్లు వాయించడం ఆపి
"ఎవరీ పిల్ల?" అన్నారు.
యాభై రెండేళ్ల పిల్ల
సిగ్గుపడి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.
ఆ పట్టులో పట్టు లేదని
అప్పుడే నాకు తట్టి ఉండాలి.

మాత్రలిచ్చారు. ఐరన్, కాల్షియం, బీ ట్వెల్వ్,
ఇంకేదో పసుపురంగుది.
ఐరనూ కాల్షియమూ ఒకే పూట వేసుకోకూడదట,
పడని తోడికోడళ్లు.
నాలుగు నెలలు వేసుకుంది.
ఒక పొద్దున, "కోడిగుడ్డంత పొట్ట మిగిలింది జెప్పీ,
అది కాస్తా మాత్రలకిస్తే
రొట్టెకెక్కడ చోటు?" అంది.
నేను నవ్వాను.
ఆ నవ్వు ఇంకా నా గొంతులోనే ఉంది.

జుట్టు రాలింది.
స్నానాలగది తూము మూసుకుపోతే
పుల్లతో తీసి పారేశాను, ఆమె చూడకుండా.
అర్ధరాత్రి లేచి
గ్లాసెడు మంచుముక్కలు పటపట నమిలేది.
వేసవి కదా అనుకున్నాను.
డిసెంబరులోనూ నమిలింది.

లేసు అల్లే చేతులు ఆమెవి.
ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ ఒళ్లో పెట్టిన గడ్డిదిండు,
దాని నిండా గుండుసూదులు, నలభై కొయ్యకండెలు.
కరెంటు పోయినా ఆగేవి కావు ఆ వేళ్లు.
ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, దీపం వెలుగుతుండగానే
ఒక కండె జారింది.
వంగి తీసింది. మళ్లీ జారింది.
"చేతికెవరో మేజోడు తొడిగారు," అంది,
"లోపలి నుంచి."
ఆ లేసులో ఒక ఆకు వంకరగానే ఉంది.
కొనేవాళ్లకి చూపించం.

ఆ రాత్రే చూశాను.
నేను నిద్రపోయాననుకుని
గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని,
నేను కోసి తెచ్చిన రాయిని
పసిబిడ్డలా నాకుతోంది.

డాక్టర్ షువెరెబ్ నెత్తురు కాగితం ముందు పెట్టాడు.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
"ఇనుము అడుగంటితే ఇంతే.
కొందరు మంచు కోరతారు, కొందరు మన్ను.
మన దీవిలో మన్ను తక్కువ, రాయే ఎక్కువ."
వేళ్ల సంగతి బీ ట్వెల్వ్ అట.
నరాలు ఎంతవరకు తిరిగొస్తాయో
చెప్పలేనన్నాడు.
ఫిలుమెనా ఒక్కటే అడిగింది,
"మా గోడలో ఇనుముందా?"
డాక్టరు నావైపు చూశాడు.
గనివాణ్ణి నేనే కదా.
"సున్నం," అన్నాను. "దాదాపు అంతా సున్నమే."
అన్ని రాత్రులూ తనది కాని గుమ్మం తట్టిందని
చెప్పాల్సింది నేనే అయ్యాను.

ఇప్పుడు నెలకో సూది.
డికాషన్ రంగు సీసాలోంచి ఇనుము, చుక్క చుక్క.
బొటనవేలు వచ్చింది. చూపుడువేలు వచ్చింది.
చిటికెనవేలు ఇంకా ఊళ్లో లేదంటుంది.
గోడకి వెల్ల వేద్దామని డబ్బా తెస్తే
"ఆ చోటు వదిలెయ్," అంది.
చుట్టూ తెల్లగా వేసి
అరచేయంత వదిలేశాను.

మొన్న గనిలో రంపం ఆపి
పెదవి మీద దుమ్ము తుడుచుకోబోయి
ముప్పై ఏళ్లలో మొదటిసారి నాకి చూశాను.
కాసేపు ఉప్పన.
తర్వాత ఏమీ లేదు.
ఆమెతో చెప్పలేదు.
ఇంటికెళ్తే లోపల్నుంచి కొయ్యల చప్పుడు,
వేళ్లకి తెలియనిది చెవితో లెక్కపెడుతోంది,
పద్నాలుగు, పదిహేను, పద్...
కాదు.
ఒకటి.